కౌంటర్‌పాయింట్ అంటే తెలుగులో ఏమిటి? మా అమ్మాయి రోజూ ఏడుస్తోంది

కీబోర్డు_నాన్న
మా అమ్మాయికి పదకొండేళ్లు. మూడేళ్లుగా కీబోర్డు నేర్చుకుంటోంది. మొన్నటిదాకా హాయిగా ఉండేది: కుడిచేత్తో పాట, ఎడంచేత్తో కార్డ్స్, అంటే రెండు మూడు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం. ఈ నెల టీచరుగారు బాచ్ అనే పాతకాలపు జర్మన్ సంగీతకారుడు రాసిన ఇన్వెన్షన్ (రెండు చేతులకీ రాసిన చిన్న ముక్క) ఒకటి ఇచ్చారు. మొదటిదే, సీ మేజర్. మొత్తం 22 బార్లు, అంటే తాళం గడులు. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, కూర్చుంటే మాత్రం రోజూ ఏడుపే. "నాన్నా, ఎడంచెయ్యి నా మాట వినట్లేదు, దానికి వేరే పాట ఉంది" అంటుంది. టీచరుగారిని అడిగితే "అది కౌంటర్‌పాయింట్ అండీ, అలాగే ఉంటుంది" అన్నారు. ఫోన్లో తెలుగు అర్థం వెతికితే "ప్రతివాదం" అని వచ్చింది. పిల్ల రెండు చేతుల మధ్య కోర్టు కేసు ఏమైనా నడుస్తోందా? అసలిదేంటి, ఎక్కడ పుట్టింది, ఎందుకింత ఏడిపిస్తుంది, మామూలు మాటల్లో ఎవరైనా చెప్పండి. నాకు సంగీతం రాదు. చిన్నప్పుడు అమ్మ నేర్పిన సరళీ స్వరాలు మాత్రం గుర్తున్నాయి.

అనువాదం_అత్త
"ప్రతివాదం" చూడగానే నవ్వొచ్చింది, వెంటనే పాత గాయం గుర్తొచ్చింది. నేను సబ్‌టైటిల్స్ రాస్తుంటాను. ఒక డాక్యుమెంటరీలో ఈ మాట పదకొండు సార్లు వచ్చింది. నేను కౌంటర్‌పాయింట్ అనే ఉంచి పంపితే, పైవాళ్లు నాకు చెప్పకుండా అన్నిటినీ "ప్రతివాదం" చేసేశారు. చర్చిలో పిల్లలు కళ్లు మూసుకుని పాడుతుంటే కింద "ఎంత మధురమైన ప్రతివాదం" అని పడింది.

డల్లాస్_బాబాయ్
ఇందులో అంత ఆలోచించడానికేముంది, జుగల్బందీ అనండి, సరిపోతుంది.

మేళకర్త29
సరిపోదు బాబాయ్. జుగల్బందీలో చాలాసేపు ఒకరు వాయిస్తే ఇంకొకరు వింటారు, తర్వాత జవాబిస్తారు. కౌంటర్‌పాయింట్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, అయినా ఇద్దరి మాటా వినపడుతుంది.

నాన్నగారూ, మీ అమ్మాయి చెప్పిందే అసలు నిర్వచనం. ఎడంచేతికి వేరే పాట ఉంది. కార్డ్స్ వాయించినప్పుడు ఎడంచెయ్యి కుడిచేతికి వంత పాడుతుంది. బుర్రకథలో కథకుడు ఒక మాట అంటే పక్కవాళ్లు "తందాన తాన" అంటారే, అలా. వంతలు లేకపోయినా కథ నడుస్తుంది, కథ లేకపోతే మాత్రం వంతకి పనిలేదు. ఇన్వెన్షన్‌లో వంత పాడేవాళ్లు ఎవరూ లేరు. ఏ చెయ్యి ఒక్కదాన్నే వాయించినా అది దానంతట అదే ఒక వరస. రెండూ కలిపితే మూడోది ఇంకేదో పుడుతుంది.

మీకు సరళీ స్వరాలు వచ్చు కాబట్టి ఇలా చూడండి. సీ మేజర్ అంటే మన శంకరాభరణం స్వరాలే, గమకాలు తీసేసి. మొదటి బారులో కుడిచెయ్యి చిటికెడు విరామం ఇచ్చి స రి గ మ రి గ స ప అంటుంది. అది ప మీదికి రాగానే ఎడంచెయ్యి కింది స్థాయిలో అదే మాట మొదలుపెడుతుంది. కుడిచెయ్యి ఊరుకుంటుందా? నెమ్మదిగా ప స ని స అంటూ పైన నడుస్తుంది. రెండో బారులో అదే మాట పంచమం నుంచి: ప ద ని స ద ని ప రి. మూడో బారులో అదే మాటని తలకిందులు చేశాడు: ద ప మ గ ప మ ద. ఎక్కాల్సిన చోట దిగడం, దిగాల్సిన చోట ఎక్కడం. దాదాపు మొత్తం ఈ చిన్న మాటతోనే కట్టాడు. 1723లో చేసిన సంకలనం ఇది, తన ఇంట్లో పిల్లల చేత సాధన చేయించడానికి రాసినవాటినే సరిచేసి పెట్టాడు. అంటే ఆ ఇంట్లోనూ ఏడుపులు ఉండే ఉంటాయి.

వేపచెట్టు_నీడ
ఆయన బాచ్ కాదండీ, బాఖ్.

డల్లాస్_బాబాయ్
బ్యాచిలర్‌గా ఉన్నప్పుడు బాచ్, ఇరవైమంది పిల్లలు పుట్టాక బాఖ్.

పాత_రేడియో
ఇరవైమంది నిజమే బాబాయ్, ఇద్దరు భార్యలకి కలిపి. అందులో సగంమంది చిన్నప్పుడే పోయారు. జోకు మధ్యలో ఇది చెప్పకూడదేమో.

మూలం అడిగారు కదా, చెబుతాను. మాట లాటిన్‌ది, పంక్టుస్ కాంట్రా పంక్టుమ్. పంక్టుస్ అంటే చుక్క. అప్పట్లో స్వరాన్ని చుక్కలా రాసేవారు. చుక్కకి ఎదురుగా చుక్క, అంటే స్వరానికి ఎదురుగా స్వరం. ఈ పేరు 14వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది, పని మాత్రం అంతకుముందే మొదలైంది. 9వ శతాబ్దం నాటి ఒక లాటిన్ పాఠ్యగ్రంథంలో చర్చి కీర్తన కింద రెండో గొంతుని నాలుగు లేదా ఐదు స్వరాల దూరంలో నడిపించే పద్ధతి ఉంది. ఆర్గానమ్ అంటారు. అప్పటికి ఇంకా నీడలాంటిదే, పై గొంతు ఎటుపోతే కిందిది అటే. తర్వాత రెండో గొంతుకి ధైర్యం వచ్చింది, ఎదురు నడవడం నేర్చింది. 12వ శతాబ్దం చివరికి పారిస్ నోట్రడామ్‌లో పెరోతాన్ నాలుగు గొంతులకు రాస్తున్నాడు.

కొత్తగా_చేరాను
చుక్కకి ఎదురుగా చుక్క... అంటే తెలుగులో చుక్కెదురు!!!

అనువాదం_అత్త
అయ్యబాబోయ్. ఇన్నేళ్లుగా నేను వెతుకుతున్నది ఇదే. "చర్చిలో పిల్లల పాటకు చుక్కెదురు."

డల్లాస్_బాబాయ్
కీబోర్డు పరీక్షలో పాపకు చుక్కెదురు. పేపర్లో హెడ్డింగ్ రెడీ.

వేపచెట్టు_నీడ
చుక్కలంటే నాకు మెలికల ముగ్గు గుర్తొస్తోంది. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీతలు ఒకదాని మీదుగా ఒకటి వెళ్తాయి. ఏ గీత ఆగదు, ఏదీ ఇంకోదాన్ని చెరపదు. దీన్ని కళలో కౌంటర్‌పాయింట్ అనొచ్చా?

రామప్ప_దారి
కళ అన్నారు కాబట్టి నేనూ దూరుతున్నా. శిల్పంలో కౌంటర్‌పాయింట్ గ్రీకుల కాలం నుంచే ఉంది. బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడితే నడుము ఒకవైపు వంగుతుంది, భుజాలు రెండోవైపు వంగుతాయి. పాలిక్లీటస్ చేసిన బల్లెం పట్టిన వీరుడు, మైకెలాంజెలో డేవిడ్, అంతా ఇదే. మన రామప్ప గుడి మదనికలు చూడండి, నల్లరాతిలో తల ఒకవైపు, నడుము ఒకవైపు, మోకాళ్లు ఒకవైపు. 1213 నాటి గుడి. కాబట్టి ఇది మనకీ కొత్త కాదు.

పాత_రేడియో
అది వేరు బ్రదర్. మీరు చెప్పేది కాంట్రాపోస్టో. అందులో ఉన్నది చుక్క కాదు, "ఎదురుగా పెట్టడం". కాంట్రా అన్నది ఒక్కటే రెండిట్లోనూ ఉంది, అన్నదమ్ముల్లా కనిపిస్తారు, ఇంటిపేర్లు వేరు. పైగా డేవిడ్ ఒక్క మనిషే. ఒకే ఒంట్లో రెండు వంపులు. కౌంటర్‌పాయింట్‌కి కనీసం ఇద్దరుండాలి.

రామప్ప_దారి
మాట మూలం వేరని ఒప్పుకుంటా. కానీ నడుము గీత, భుజాల గీత ఒకదానికొకటి ఎదురు నడుస్తుంటే చూసే కంటికి జరిగేది అదే కదా. మదనికని ఒక్కసారి దగ్గర నిలబడి చూడండి. కన్ను ఒక వంపు వెంట కిందికి జారుతుంటే రెండోది పైకి లాగుతుంది.

మేళకర్త29
రామప్ప గారి మాటలో పస ఉంది, కానీ చిత్రకళలో సూటిగా దొరికే మనిషి ఇంకొకరున్నారు: చిత్రకారుడు పాల్ క్లే. స్వయంగా వయొలిన్ వాయించేవాడు, కుర్రతనంలో బెర్న్ ఆర్కెస్ట్రాలో కూడా వాయించాడు, బాఖ్ అంటే ప్రాణం. జర్మనీలో బౌహౌస్ అనే కళల బడిలో పాఠాలు చెబుతూ బాఖ్ సంగీతాన్ని గీతలుగా గీసి చూపించేవాడు. 1932లో వేసిన ఒక పెద్ద బొమ్మకి "ఆడ్ పర్నాసుమ్" అని పేరు పెట్టాడు. ఆ పేరు ఊరికే రాలేదు. కౌంటర్‌పాయింట్ నేర్పే ప్రసిద్ధ పాఠ్యపుస్తకం "గ్రాదుస్ ఆడ్ పర్నాసుమ్". 1725లో వియన్నాలో ఫక్స్ అనే ఆయన లాటిన్‌లో రాశాడు. ఆ బొమ్మలో వెనక పెద్ద పెద్ద రంగుల పలకలు, వాటి మీద వేలకొద్దీ చిన్న చుక్కలు. పలకల రంగు ఒక దారిన మారుతుంది, చుక్కల రంగు ఇంకో దారిన మారుతుంది. రెండు వరసలు, ఒకే గోడ మీద.

కొత్తగా_చేరాను
మళ్లీ చుక్కలే!

చర్చి_కొయిర్_బాస్
కృష్ణా జిల్లాలో మా ఊరి చర్చిలో పన్నెండేళ్లుగా బాస్ పాడుతున్నాను. సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్, నాలుగు పార్టులు. క్రిస్మస్‌కి రెండు నెలల ముందు నుంచి ప్రాక్టీసు. ఇది కౌంటర్‌పాయింటేనా?

మేళకర్త29
అన్నా, మామూలు కీర్తన అయితే ఎక్కువగా కాదు. నలుగురూ ఒకే అక్షరాన్ని ఒకేసారి పలుకుతారు కదా. అది హార్మొనీ. వరస సొప్రానోది, మిగతా ముగ్గురూ కింద స్తంభాలు.

చర్చి_కొయిర్_బాస్
స్తంభం అన్నారు, బాధగా ఉన్నా నిజమే. మా ఆల్టో వాళ్లకి కొన్ని పాటల్లో మొత్తం పాటంతా రెండే స్వరాలు. ఒక అక్క అయితే ప్రాక్టీసులో చిక్కుడుకాయలు వలుచుకుంటూ పాడేస్తుంది, ఎక్కడా తప్పదు. కానీ ఒకటి రెండు పాటల్లో చివర "ఆమెన్" దగ్గర ఒక్కో పార్టు ఒక్కోసారి మొదలవుతుంది. ముందు టెనర్, తర్వాత మేము, ఆ తర్వాత ఆడవాళ్లు. అక్కడ మాత్రం చిక్కుడుకాయలు పక్కన పెడుతుంది.

మేళకర్త29
అదీ! చిక్కుడుకాయలు కింద పెట్టిన చోట కౌంటర్‌పాయింట్ మొదలైంది.

అనువాదం_అత్త
ఇంత మంచి పరీక్ష ఏ పుస్తకంలోనూ ఉండదు.

వేపచెట్టు_నీడ
కీబోర్డు నాన్నగారిలా నాకూ సరళీలే వచ్చు. మీరందరూ చెప్పింది ఇంట్లో చేసి చూడొచ్చు కదా అనిపించింది. నిన్న రాత్రి చెల్లెల్ని కూర్చోబెట్టా. నేను స రి గ మ ప ద ని స పాడి దిగుతాను, తను రెండక్షరాలు ఆలస్యంగా అదే మొదలుపెడుతుంది. ఎక్కుతున్నంతసేపు ఎంత బాగుందంటే మాకే ఆశ్చర్యం. పైన మలుపు దగ్గర మాత్రం చెవిలో ఇసుక పోసినట్టు అయింది. వంటింట్లోంచి అమ్మ "శ్రుతి తప్పారే" అని కేక. ఏమైంది అక్కడ? ఇద్దరం శ్రుతిలోనే ఉన్నాం, ఒట్టు.

మేళకర్త29
కాగితం మీద రాసి చూశాను. ఎక్కేటప్పుడు నువ్వు గ మీద ఉంటే చెల్లి స, నువ్వు మ అయితే తను రి. ఎప్పుడూ ఒక మెట్టు వదిలి మెట్టు, అందుకే తియ్యగా ఉంటుంది. ఎనిమిదో అక్షరంలో నువ్వు పై స, తను ద. బాగానే ఉంది. తొమ్మిదిలో నువ్వు స మీదే ఆగావు, తను ని కి వచ్చింది. పక్కపక్క స్వరాలు, గుద్దుకున్నాయి. గుద్దుకోవడం తప్పేమీ కాదు, కౌంటర్‌పాయింట్‌కి ఉప్పూకారం అదే. కాకపోతే ఆ వెంటనే ఆగిన గొంతు ఒక మెట్టు దిగి సర్దుకోవాలి. మీరేం చేశారు? పదో అక్షరంలో నువ్వు ని కి దిగావు, సరిగ్గా అప్పుడే తను స కి ఎక్కింది. ఇద్దరూ చోట్లు మార్చుకుని మళ్లీ గుద్దుకున్నారు. అమ్మ చెవి కరెక్టు.

వేపచెట్టు_నీడ
సందులో ఎదురొచ్చిన ఇద్దరు ఒకే పక్కకి తప్పుకున్నట్టు.

మేళకర్త29
సరిగ్గా అంతే. ఇప్పుడు రెండు కాదు, నాలుగక్షరాలు ఆలస్యంగా మొదలుపెట్టి చూడండి.

వేపచెట్టు_నీడ
చూశాం. ఎక్కేటప్పుడు ప-స, ద-రి, ని-గ, స-మ. వినడానికి తప్పు లేదు కానీ ఏదో ఖాళీగా ఉంది. పాత గుడి మండపంలో గొంతు మోగినట్టు. పైగా చిత్రంగా ఇద్దరం పాడుతున్నట్టే లేదు, ఒకే లావు గొంతు పాడుతున్నట్టుంది.

పాత_రేడియో
మీరు ఇంట్లో కూర్చుని 9వ శతాబ్దానికి వెళ్లొచ్చారు. నేను పైన చెప్పిన ఆర్గానమ్ చప్పుడు అదే. అన్నీ పంచమాలు, అంటే స-ప అంత దూరం. తర్వాతి కాలపు గురువులు సమాంతర పంచమాలు వద్దు అన్నది కూడా మీకు అనిపించిన ఆ కారణానికే. పంచమం మరీ బాగా కలిసిపోతుంది, వరసగా రెండు వస్తే రెండు గొంతులు ఒకటైపోతాయి. ఫక్స్ పుస్తకం అంతా గురుశిష్య సంవాదమే. గురువు పేరు అలోయ్‌సియస్, అంటే పాత ఇటలీ స్వరకర్త పాలెస్త్రీనా అని ఫక్స్ ఉద్దేశం, శిష్యుడు జోసెఫ్, అంటే తనే. శిష్యుడు రాసి చూపిస్తాడు, గురువు దిద్దుతాడు. మొదట స్వరానికి స్వరం, తర్వాత ఒకదానికి రెండు, ఆ పైన నాలుగు, తర్వాత ఒక గొంతుని కట్టేసి ఆలస్యంగా వదలడం, చివరికి అన్నీ కలిపి. స్వరకర్త హైడెన్ ఈ పుస్తకం ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాడు. బీథోవెన్‌కి ఆయన చెప్పిందీ దీంతోనే.

డల్లాస్_బాబాయ్
ఇవన్నీ వాళ్లవి. మన కర్ణాటక సంగీతంలో ఉన్నాయా లేవా? లేవంటే ఊరుకోను.

మేళకర్త29
లేవు బాబాయ్, ఊరుకోండి. కచేరీలో వయొలిన్ గాయకుడి వెంట నడుస్తుంది, వదిలిన చోట అందుకుంటుంది, సొంత దారిన ఎదురు నడవదు. లోటు అని కాదు. మన బలం గమకంలో ఉంది. గాంధారం ఒక చోట కదలకుండా నిలబడదు కదా, ఊగుతుంది. ఊగే రెండు స్వరాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి కొలవడం కష్టం. దీక్షితార్ గారు మద్రాసు వైపు ఇంగ్లీషు బ్యాండు ట్యూన్లు విని వాటికి సంస్కృత సాహిత్యం రాశారు, నోట్టు స్వరాలు. "సంతతం పాహిమాం" అంటే వాళ్ల రాజుగారి గీతం వరసే. పై వరస తీసుకున్నారు, కింద నడిచే పార్టులు వదిలేశారు. వినలేదని కాదు, అక్కర్లేదనిపించి ఉంటుంది. ఇది నా ఊహ.

పాత_రేడియో
పూర్తిగా ఒప్పుకోను. స్వరంలో లేకపోవచ్చు, లయలో ఉంది. పల్లవి పాడుతూ చేత్తో నాలుగు నడకలో తాళం వేస్తూ గొంతుతో మూడు నడకలోకి వెళ్తే, ఒకే మనిషిలో రెండు లెక్కలు. రెండూ స్వతంత్రం, రెండూ సమం (తాళం మొదలయ్యే చోటు) దగ్గర కలవాలి.

మేళకర్త29
పైన రామప్ప గారిని "ఒకే ఒంట్లో రెండు వంపులు, కౌంటర్‌పాయింట్‌కి ఇద్దరుండాలి" అన్నది మీరే!

రామప్ప_దారి
నేను మాట్లాడట్లేదు. చూస్తున్నా.

పాత_రేడియో
సరే, దొరికిపోయా. డేవిడ్‌కి క్షమాపణ.

కొత్తగా_చేరాను
సాహిత్యంలో పింగళి సూరన రాఘవపాండవీయం ఉంది కదా. ఒకే పద్యంలో రామాయణం, భారతం. అది కౌంటర్‌పాయింట్ అవ్వాలి.

అనువాదం_అత్త
డిగ్రీలో చదివి చాలా కష్టపడ్డాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది: కాదు. అక్కడ వరస ఒక్కటే, అర్థాలు రెండు. ఒకసారికి ఒక కథే వినగలం, రెండోది వినాలంటే మళ్లీ మొదటి నుంచి చదవాలి. పోలిక కావాలంటే రాఘవయాదవీయం తీసుకో. వేంకటాధ్వరి సంస్కృత కావ్యం, 30 శ్లోకాలు. ముందు నుంచి చదివితే రాముడు, వెనక నుంచి చదివితే కృష్ణుడు.

మేళకర్త29
దానికి బాఖ్ దగ్గర అచ్చంగా జోడీ ఉంది! 1747లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఒక ట్యూన్ ఇస్తే దాని మీద ఒక సంపుటి రాశాడు. అందులో ఒక పీత కానన్ ఉంది. కానన్ అంటే ఒకే వరసని ఇద్దరు పంచుకునే ముక్క. ఒకరు ముందు నుంచి వెనక్కి, ఇంకొకరు అదే వరసని వెనక నుంచి ముందుకి, ఇద్దరూ ఒకేసారి వాయిస్తారు. సరిగ్గా కలుస్తుంది. వేంకటాధ్వరి శ్లోకాన్ని ఇద్దరు పండితులు చెరో వైపు నుంచి ఒకేసారి చదివితే ఏమవుతుందో ఊహించుకోండి.

డల్లాస్_బాబాయ్
వికటకవికి అయితే ఏమీ అవ్వదు. ఇంకో విషయం, పీత పక్కకి నడుస్తుంది కదా, వెనక్కి కాదు.

చర్చి_కొయిర్_బాస్
మా సైడు ఎండ్రకాయ అంటాం. మీరు పీత అనేది వేరే ఊళ్లో.

వేపచెట్టు_నీడ
ఇప్పుడు పీత-ఎండ్రకాయ గొడవ మొదలైతే పాప ఇన్వెన్షన్ ఎప్పటికీ పూర్తికాదు.

కొత్తగా_చేరాను
ఇళయరాజా గారి పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తలేదేంటి? బాస్ గిటార్ ఒక దారిన, వయొలిన్లు ఒక దారిన, మధ్యలో గొంతు. నాకు ఈ మాట పరిచయమైందే ఆయన అభిమానుల వల్ల.

పాత_రేడియో
ఎత్తకపోవడానికి కారణం ఉంది. ఆ పేరు వస్తే వంద పోస్టులు దాటుతుంది. అభిమానులు వెనక వయొలిన్లు పొడుగ్గా ఒక స్వరం పట్టుకున్నా కౌంటర్‌పాయింట్ అంటారు, అది వంతే. నిజంగా ఉన్న చోట్లూ చాలా ఉన్నాయి. 1986లో ఆయన చేసిన "హౌ టు నేమ్ ఇట్" వాద్య సంగీతం విను. అందులో ఒక ముక్క పేరే "ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్". పాట మధ్యలో బాస్ గిటార్‌ని మాత్రమే పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా విను. నువ్వు దాన్ని విడిగా పాడుకోగలిగితే అది వరస, లేకపోతే స్తంభం.

చర్చి_కొయిర్_బాస్
స్తంభం అని మళ్లీ అన్నారు.

అనువాదం_అత్త
సినిమా అన్నారు కాబట్టి ఒక ముక్క. 1928లో, శబ్దం సినిమాల్లోకి అప్పుడప్పుడే వస్తున్నప్పుడు, సోవియట్ దర్శకులు ఐజెన్‌స్టీన్, పుదోవ్‌కిన్, అలెగ్జాండ్రోవ్ ఒక ప్రకటన రాశారు. తెరమీద తలుపు వేస్తుంటే తలుపు చప్పుడే వినిపిస్తే శబ్దం బొమ్మకి బానిస అవుతుంది, శబ్దాన్ని బొమ్మకి కౌంటర్‌పాయింట్‌గా వాడాలి అని దాని సారాంశం. నా డాక్యుమెంటరీలో ఆ పదకొండు సార్లలో నాలుగు ఇక్కడివే. "శబ్దం బొమ్మకి ప్రతివాదం." చదివినవాళ్లకి ఏం అర్థమై ఉంటుందో.

రామప్ప_దారి
మరి చివరికి తెలుగులో ఏం రాయాలి? "ఎదురువరస" ఎలా ఉంది?

అనువాదం_అత్త
ఎదురు అంటే మళ్లీ పోట్లాట వాసన. "జంటవరస" అందామంటే జంట వరసలు (సరళీల తర్వాతి పాఠాలు) మనకి ఇప్పటికే వేరే ఉన్నాయి. నేనైతే కౌంటర్‌పాయింట్ అనే రాస్తాను, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో విప్పి చెబుతాను. వయొలిన్‌ని తెలుగు చెయ్యకుండానే మనదాన్ని చేసుకున్నాం కదా.

డల్లాస్_బాబాయ్
నా ఓటు చుక్కెదురుకే.

కీబోర్డు_నాన్న
నాలుగు రోజులుగా చదువుతూనే ఉన్నాను, ఆఫీసులో కూడా. అందరికీ థ్యాంక్స్. మేళకర్త గారు రాసిన స్వరాలు కాగితం మీద రాసి పిల్లకి ఇచ్చాను. ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. తను కుడిచేత్తో కుడి వరస మాత్రమే వాయించింది, ఎడంచేతి వరస నేను నోటితో పాడాను. స రి గ మ రి గ స ప. ముప్ఫై ఏళ్ల తర్వాత పాడటం, గొంతు బొంగురు. రెండో బారులోనే నేను తప్పాను, తను నవ్వింది. తర్వాత మార్చుకున్నాం. తను ఎడంచేత్తో వాయిస్తూ కుడి వరస పాడింది, అది మాత్రం నాకంటే బాగా చేసింది.

రాత్రి రెండు చేతులూ కలిపి వాయించింది, చాలా మెల్లగా. మూడో బారులో ఆ తలకిందుల మాట వచ్చినప్పుడు ఆగి, "నాన్నా, ఇది అదే కదా, అద్దంలో" అంది. నాకు ముందే తెలుసని చెప్పలేదు.

ఏడో బారు దాకా వచ్చింది. ఇంకా పదిహేను ఉన్నాయి.

మేళకర్త29
ఏడో బారు నుంచి ఎడంచెయ్యి ముందు మొదలుపెడుతుంది, కుడిచెయ్యి వెనక వస్తుంది. ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మళ్లీ ఏడుపే.

కీబోర్డు_నాన్న
ఇప్పుడే చెప్పాను. "ఎడంచేతికి అంత పొగరేంటి" అంటోంది.